మిగులు ఓట్లు

మా ఊళ్ళో ఎన్నికల రోజున ఒక్క ఓటు కూడా వృథాగా పోయేది కాదు. ఈ మాట విని ఎవరైనా మెచ్చుకుంటే తొందరపడ్డట్టే. పంచాయతీ ఎన్నికలకు పోలింగు పొద్దున్నే మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకు ముగిసేది. పన్నెండు దాటేసరికి రాగలిగినవాళ్ళంతా వచ్చి వేసి వెళ్ళేవాళ్ళు. ఇక మిగిలేవి రాలేనివాళ్ళవి. గుంటూరు మిల్లులకు, హైదరాబాదు తాపీ పనులకు పోయినవాళ్ళవి, పెళ్ళై అత్తారిళ్ళకు వెళ్ళిన ఆడపిల్లలవి, మనిషి పోయినా జాబితాలో పేరు పోనివాళ్ళవి. వీటిని మా ఊళ్ళో మిగులు ఓట్లు అనేవాళ్ళు. ఊళ్ళో ఉన్నవి రెండు వర్గాలు. ఆ రెండు వర్గాల ఏజెంట్లూ మిగులు ఓట్లను చెరిసగం పంచుకుని తమ మనుషుల చేత వేయించేసేవాళ్ళు. అభ్యర్థి తరఫున పోలింగు గదిలో కూర్చుని, వచ్చిన మనిషి ఆ పేరుగల మనిషేనా కాదా అని చూడటం ఏజెంటు పని. మా ఊరి ఏజెంట్లు అది తప్ప అన్నీ చూసేవాళ్ళు.

ఈ పంపకాన్ని దొంగతనం అంటే మా ఊరివాళ్ళకు కోపం వచ్చేది. నా చిన్నప్పుడు ఒక ఎన్నికలో ఈ ఓట్ల దగ్గరే కర్రలు లేచి తలలు పగిలాయట. కేసుల చుట్టూ తిరిగి తిరిగి రెండు వైపులా అలిసిపోయాక పెద్దమనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందం అది. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎన్నికలంటే బాంబులు పడుతుంటే మా ఊళ్ళో మాత్రం రెండు పార్టీల ఏజెంట్లూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్ళు. ఎన్నికల సిబ్బందికి మా ఊరి డ్యూటీ పడితే పండగే. మాది మంచి ఊరని వినుకొండ దాకా పేరు.

మాకు సొంతంగా ఉన్నది ఇల్లు, దాని వెనక గేదెల కొట్టం. నాన్న కౌలుకు చేసేవాడు. పొలం పెద్దాయనది. పెద్దాయన అంటే ఆ రెండు వర్గాల్లో ఒకదానికి పెద్ద, మాకు దూరపు చుట్టం కూడా. నాన్న ఆయన్ను బాబాయ్ అనేవాడు, నేను తాతయ్యా అనేదాన్ని. కౌలుకు కాగితం లేదు, సంతకం లేదు. ఏటా ఉగాది నాడు నాన్న వాళ్ళింటికి వెళితే ఆయన పచ్చడి చేతిలో పెట్టి "ఈ ఏడూ నువ్వే చేసుకోరా" అనేవాడు. ఆ ఒక్క మాట మీద మా ఏడాది నడిచేది. పత్తి, మిరప, నా చదువు, అమ్మ మోకాళ్ళ మందులు, అన్నీ. ఆ మాట రాని ఉగాది ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

నేను అప్పుడు వినుకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాకు పొలిటికల్ సైన్స్ చెప్పే మాస్టారు నిజంగా మంచి మాటకారి. ఆయన రాజ్యాంగం గురించి చెబుతుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా పుస్తకాల మీద బొమ్మలు గీయడం ఆపేసేవాళ్ళు. "ఓటేసి ఇంటికొచ్చి పడుకుంటే ప్రజాస్వామ్యం రాదమ్మా. బూత్‌లో కూర్చోవాలి. చూసే కళ్ళుంటే చేసే చేతులు వణుకుతాయి. మీలాంటి పిల్లలు కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారు?" అనేవారు. నాకు ఆ మాటలు నన్నే చూసి అన్నట్టుండేవి. పందొమ్మిదేళ్ళ పిల్లకు అలాగే ఉంటుంది. ఆయన వినుకొండలో సొంతింట్లో ఉంటారనీ, ఆయన జీతం ఏ ఉగాదికీ ముడిపడి లేదనీ నాకు అప్పుడు తట్టలేదు.

ఆ సంవత్సరం మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు రిజర్వయింది. పెద్దాయన వైపు నుంచి ఆయన కోడలు, రెండో వైపు నుంచి వాళ్ళ నాయకుడి భార్య నిలబడ్డారు. నామినేషన్ వేసిన రోజు తప్ప ఆ ఇద్దరూ గడప దాటింది లేదు. పోస్టర్ల మీద కూడా వాళ్ళ ఫొటోల కంటే మొగుళ్ళ ఫొటోలే పెద్దవి. మూడో నామినేషన్ పడుతుందని ఎవరూ అనుకోలేదు. వేసింది మా వీధిలో పొదుపు సంఘం నడిపే ఆవిడ. నేను అత్తా అని పిలిచేదాన్ని. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కట్టి ఏళ్ళయినా గొట్టం మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. మా వైపు వాళ్ళం బోరు నీళ్ళే తాగేవాళ్ళం. ఆ నీళ్ళకు పిల్లల పళ్ళు పచ్చబడేవి, నడివయసు రాకముందే ఆడవాళ్ళ మోకాళ్ళు పట్టేసేవి. మా అమ్మవీ అంతే. అత్త మెంబర్ల చుట్టూ, మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి, ఒకరోజు పొదుపు మీటింగులో "మనమే ఎందుకు నిలబడకూడదే?" అంది. నవ్వు కోసం అన్న మాట కాస్తా నామినేషన్ దాకా వెళ్ళింది.

మీటింగుకు వచ్చే ఆడవాళ్ళంతా ఓటేస్తామన్నారు. బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. మగవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఓటెవరికి వేసిందీ ఎవరికీ తెలియదు, కానీ ఏజెంటుగా కూర్చుంటే ఊరంతటికీ తెలుస్తుంది. చివరికి నేనే అన్నాను, "నేను కూర్చుంటా అత్తా" అని. అత్త నా మొహంలోకి చూసి, "మీ నాన్నను అడిగావా?" అంది. అడిగానని చెప్పాను. ఆ రాత్రి అన్నాల దగ్గర అడిగాను.

నాన్న ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "పొలం ఎవరిదో తెలుసుగా?" అన్నాడు.

"ఏజెంటుగా కూర్చోవడం తప్పేం కాదు నాన్నా. చట్టంలో ఉంది."

"చట్టం గుంటూరులో ఉందమ్మా. మనం ఇక్కడున్నాం."

మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టాడు. వద్దని అనలేదు. మా నాన్నకు నన్ను వద్దనడం ఎప్పుడూ చేతకాలేదు. అమ్మ మాత్రం గిన్నెలు తోముతూ, "ఆ నీళ్ళు మన వీధికి వస్తే బాగానే ఉంటది" అని తనలో తాను అనుకున్నట్టు అంది. అది అనుమతే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పెద్దాయన దారిలో ఎదురయ్యాడు. "ఏమ్మా మనవరాలా, మా మీద పోలీసువయ్యావంటగా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. "మంచిదే. చదువుకున్న పిల్లలు రావాలి. మేం ఎంతకాలం చూస్తాం ఇవన్నీ" అని తల నిమిరి వెళ్ళిపోయాడు. ఆయన ఏనాడూ ఎవర్నీ బెదిరించి ఎరగడు. ఆ విషయం ఇప్పటికీ ఎవరడిగినా ప్రమాణం చేసి చెప్పగలను.

పోలింగు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో. నేను అఆలు దిద్దిన గదే. కిటికీ కింద వేసిన బెంచీ మీద ఒక చివర పెద్దాయన వైపు ఏజెంటు, మధ్యలో రెండో వైపు ఏజెంటు, ఇంకో చివర నేను. పెద్దాయన వైపు ఏజెంటు నాకు బాబాయ్ వరస. మా ఇంటికి రోజూ వచ్చి మజ్జిగ తాగి వెళ్ళే మనిషి. ఓటరు వచ్చి చీటీ ఇస్తే గుమాస్తా పేరూ నంబరూ గట్టిగా చదివేవాడు. మేం ముగ్గురం మా కాపీల్లో టిక్కు పెట్టుకునేవాళ్ళం. వేలికి సిరా, చేతికి బ్యాలెట్ కాగితం, పక్కన అట్టపెట్టె చాటు. పదింటికల్లా నాకు భయం పోయింది. పని అలవాటైంది. మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, వేసి, నా వైపు చూడకుండా వెళుతుంటే నాకు లోపల ఎంత సంతోషంగా ఉండేదో. చూడకుండా వెళుతున్నారంటే అత్తకే వేశారని లెక్క.

అమ్మ పొద్దున్నే రాలేదు. "గేదెలకు గడ్డేసి వస్తాలే" అంది. నాన్న తొమ్మిదింటికే వచ్చి వేసి వెళ్ళాడు.

పన్నెండు దాటాక వరండా ఖాళీ అయింది. బాబాయ్ ఒళ్ళు విరుచుకుని, రెండో ఏజెంటుతో "ఇంక మొదలెడదామా?" అన్నాడు. మాకు మంచినీళ్ళు తెప్పించమన్నంత మామూలుగా అన్నాడు. నేను నా కాపీ దగ్గరికి లాక్కున్నాను. ఎవరొచ్చినా ఏమనాలో మాస్టారి దగ్గర నేర్చుకుని వచ్చాను. ఏజెంటు అభ్యంతరం చెబితే కొద్దిపాటి రుసుము కట్టించుకుని అధికారి విచారించాలి. దొంగ ఓటని తేలితే ఓటు ఆపేయాలి, మనిషిని పోలీసులకు అప్పజెప్పవచ్చు కూడా. ఆ చిల్లర రాత్రే చీర కొంగున ముడేసుకున్నాను.

తలుపు దగ్గర అమ్మ కనిపించింది.

ఓటేయడానికి ఇప్పటికి తీరిక దొరికిందనుకుని నవ్వాను. అమ్మ పేరు ఏ పేజీలో ఉందో నాకు తెలుసు. పెన్ను అక్కడ పెట్టి కూర్చున్నాను. అమ్మ నన్ను చూడకుండా చీటీ ఇచ్చింది. గుమాస్తా గట్టిగా చదివాడు. అది మా నాయనమ్మ పేరు. నాయనమ్మ ఆ ఏడాది సంక్రాంతి ముందే పోయింది.

బాబాయ్ నా వైపు తిరిగి చూడలేదు. కాపీలో టిక్కు పెట్టాడు. రెండో ఏజెంటూ పెట్టాడు. అప్పుడు అర్థమైంది. మొదటి మిగులు ఓటు మా ఇంటిదే కావాలని వాళ్ళు ముందే అనుకున్నారు. మా అమ్మ ఓటు దగ్గర నేను నోరు మూసుకుంటే, మిగతావాటి దగ్గర తెరవడానికి నాకు నోరుండదు. ఎంత తెలివి. ఊరి పెద్దల తెలివిని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు.

నేను లేచి నిలబడ్డాను. "అభ్యంతరం సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అధికారి కళ్ళజోడు తీసి అమ్మను చూశాడు. "ఏమ్మా, నీ పేరేంటి?"

అమ్మ అప్పుడు నన్ను చూసింది. అబద్ధం చెప్పమని పంపితే వచ్చిన మనిషి అబద్ధం చెప్పలేకపోయింది. తన పేరు చెప్పింది.

అధికారికి ఊపిరి వచ్చినట్టయింది. "చీటీ మారినట్టుందమ్మా, పొరపాటు. వెళ్ళిరా" అన్నాడు. నీ ఓటు వేసి వెళ్ళమ్మా అని ఆయన అనలేదు, నాకూ ఆ క్షణాన తోచలేదు. అమ్మ తల వంచుకుని వెళ్ళిపోయింది. తన ఓటు కూడా వేయలేదు.

"కన్నతల్లినే ఆపినదానివి, ఇంక మమ్మల్ని ఊరుకుంటావా అమ్మాయ్" అన్నాడు బాబాయ్. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దర్నీ ఆపాను. మూడోవాడు తలుపు దగ్గరే వెనక్కి తిరిగాడు. బాబాయ్ బయటికి వెళ్ళి పెద్దాయనతో మాట్లాడి వచ్చాడు. "ఈసారికి మిగులు ఓట్లు మిగలనివ్వమన్నాడు తాతయ్య" అన్నాడు. ఒంటిగంటకు పెట్టెకు సీలు వేశారు. మా ఊరి చరిత్రలో మొదటిసారి రానివాళ్ళ ఓట్లు రానివాళ్ళకే ఉండిపోయాయి. నేను గెలిచాననుకున్నాను.

సాయంత్రం లెక్కింపులో అత్త మూడో స్థానంలో వచ్చింది. రెండో వైపు అభ్యర్థి గెలిచింది. పెద్దాయన కోడలు ఓడిపోయింది. అత్తకు పడ్డ ఓట్లన్నీ తన వైపు నుంచి చీలినవేనని పెద్దాయన లెక్క కట్టుకున్నాడో లేదో నాకు తెలియదు గానీ, ఊళ్ళో ప్రతి అరుగు మీదా అదే లెక్క.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నేను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాను.

"నేనొస్తే నువ్వు మాట్లాడలేవన్నారు. నువ్వు మాట్లాడకపోతే పొలం ఉంటదన్నారు. తల్లిని చూసి ఊరుకుంది, దాని తప్పేముందని అత్త కూడా నిన్నేమీ అనదులే అనుకున్నా. నీకు ఒక సాకు ఇద్దామని వచ్చానే."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నేను చేసింది తప్పని ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. తప్పని అనుకోగలిగితే ఏడ్చి, క్షమాపణ అడిగి ఊరుకునేదాన్ని. ఒప్పే చేశాను. ఒప్పు చేసినందుకు మా ఇల్లు ఇలా అయిందన్న సంగతి నాకు ఎక్కడా మింగుడుపడదు.

కాలేజీలో మాస్టారికి చెబితే ఆయన కళ్ళు మెరిశాయి. "మీ అమ్మగారినా? సొంత అమ్మగారినే?" అని రెండుసార్లు అడిగారు. ఆ వారమే మీటింగు పెట్టించి నన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పించారు. హాలంతా చప్పట్లు. కొందరు ఈలలు కూడా వేశారు. అమ్మ మా వీధి బోరు దగ్గరికి కూడా వెళ్ళలేక, చుట్టూ తిరిగి పొలాల మీదుగా ఇంకో బోరు నీళ్ళకు వెళుతున్న రోజులవి. బోరు దగ్గర ఆడవాళ్ళు ఏమైనా అంటారని కాదు. ఎవరూ ఏమీ అనకుండా పక్కకు జరిగి దారిచ్చేవాళ్ళట. ఆ శాలువా నేను ఇంటికి తేలేదు, హాస్టల్లో ఉండే స్నేహితురాలికి ఇచ్చేశాను.

ఆ ఏడు పంట బాగానే పండింది. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కూలీలు ఎప్పటిలాగే వచ్చారు. పెద్దాయన ఎదురైతే ఎప్పటిలాగే పలకరించేవాడు. అమ్మ కూడా కాస్త తేరుకుంది. "పెద్దమనిషి, మనసులో పెట్టుకోడు" అని నాన్న రెండు మూడుసార్లు అన్నాడు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి, ఎర్రటి ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరుతూ, వచ్చే ఏడు ఏ విత్తనం వేయాలో మాట్లాడేవాడు.

ఉగాది నాడు నాన్న వెళ్ళాడు. పెద్దాయన పచ్చడి చేతిలో పెట్టాడు. "ఈ ఏడు పిల్లలు మేమే చేసుకుంటాం అంటున్నార్రా" అన్నాడు. అంతే. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు, టీ ఇప్పించాడు, నా చదువు ఎంతవరకు వచ్చిందో అడిగాడు. నాన్న ఇంటికి వచ్చి ఆ మాటలన్నీ వరసగా చెప్పాడు, టీ సంగతి కూడా. ఊళ్ళో మిగతా ఆసాముల దగ్గరికీ వెళ్ళాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరి పొలమూ ఖాళీ లేదు. రెండో వైపు వాళ్ళు కూడా ఇవ్వలేదు. సొంత తల్లికే అడ్డం నిలబడ్డ పిల్ల ఉన్న ఇల్లు కదా, రేపు ఎవరికి అడ్డం వస్తుందో అనుకున్నారేమో. నన్ను తిట్టిన మనిషి మా ఊళ్ళో ఒక్కడు లేడు. తిట్టుంటే కనీసం తిరిగి తిట్టేదాన్ని.

గేదెల్ని అమ్మి, ఇల్లు తాళం వేసి, దూరపు చుట్టాలున్నారని చీరాల వచ్చేశాం. నాన్న ఒక పవర్‌లూమ్ షెడ్డులో వాచ్‌మన్‌గా చేరాడు. మగ్గాల మోతకు మొదటి ఏడాదిలోనే ఆయనకు ఒక చెవి తగ్గింది. అమ్మ వేటపాలెంలో జీడిగింజలు కొట్టే పనికి వెళ్ళేది. పెంకులోంచి కారే జీడికి వేళ్ళ చివర్లు నల్లబడి తోలు ఊడిపోయేది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని, వేళ్ళు దేనికీ తగలకుండా పొట్ట మీద పెట్టుకుని పడుకునేది. మిరపకాయల మంటకు అలవాటుపడ్డ చేతులే కదా అని తనే సర్దిచెప్పుకునేది. అత్త ఏమైందని అడుగుతారేమో. తర్వాతి ఎన్నికల్లో పెద్దాయన వైపున వార్డు మెంబరయింది. మా వీధికి కుళాయి గొట్టం వచ్చింది. విన్నప్పుడు ఒళ్ళు మండింది. ఆలోచిస్తే, ఆవిడకు కావలసింది నీళ్ళు. వచ్చాయి.

నేను చదువు ఆపలేదు. ఎమ్మే చేసి ఒక జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా సివిక్స్ చెప్పే ఉద్యోగం సంపాదించాను. దేవుడనేవాడు ఉంటే హాస్యం బాగా తెలిసినవాడు. ఓటరు నమోదు జరిగే ప్రతిసారీ ప్రిన్సిపాల్‌గారు "మేడమ్, యువతను ఉత్సాహపరచడం మీకే బాగా వచ్చు" అని ఆ ఉపన్యాసం నాకే అప్పగిస్తారు. పద్దెనిమిది నిండినవాళ్ళని వరసలో నిలబెట్టి ఫారాలు పంచుతాను. అట్టలు పట్టించి బజార్లో ర్యాలీ తీయిస్తాను. మాస్టారి మాటలు నాకు ఇంకా కంఠతా ఉన్నాయి. చూసే కళ్ళుంటే చేసే చేతులు వణుకుతాయి. చప్పట్లు బాగానే పడతాయి.

ఒకసారి ఉపన్యాసం అయ్యాక ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్ బయట నిలబడింది. నేతపనివాళ్ళ పిల్ల. చదువులో మామూలే గానీ ప్రశ్నలు బాగా అడిగేది.

"మా ఊళ్ళో ఏజెంటుగా కూర్చోమంటున్నారు మేడమ్. కూర్చోనా?"

ఆ మొహం చూస్తే ఆ పిల్ల నా నుంచి ఏం వినాలనుకుంటోందో తెలుస్తూనే ఉంది. నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"మీ ఇంట్లో మగ్గం మీదేనా, షావుకారుదా?"

"షావుకారుదే మేడమ్. నూలు కూడా ఆయనే ఇస్తాడు."

"ఇంట్లో అడిగి కూర్చోమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తలూపింది. ఇంట్లో ఏమన్నారో నేను అడగలేదు. కూర్చోలేదని తర్వాత వాళ్ళ ఊరి పిల్లలు చెబితే తెలిసింది. నాకు ఊపిరి తేలికైంది. ఊపిరి తేలికైనందుకు రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది. ప్రజాస్వామ్యంలో పాల్గొనాలంటే కావలసిన అర్హత పద్దెనిమిదేళ్ళ వయసని పుస్తకంలో ఉంది. మగ్గం ఎవరిదో, పొలం ఎవరిదో ఆ పుస్తకంలో లేదు. నేనూ క్లాసులో చెప్పను. సిలబస్‌లో లేనిది చెబితే పిల్లలు పరీక్షలో రాస్తారు.

మొన్నటి పంచాయతీ ఎన్నికలయ్యాక బాబాయ్, అప్పటి ఏజెంటే, కూతురి పెళ్ళి బట్టలకని చీరాల వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వెంట మా ఊరి మిరపకాయలు ఒక సంచెడు తెచ్చాడు. జుట్టు నెరిసింది గానీ మనిషి ఏమీ మారలేదు. అమ్మ ఆయన్ను చూసి ఎంత సంబరపడిందంటే, మజ్జిగ గ్లాసు ఖాళీ కాకముందే మళ్ళీ నింపింది. ఊళ్ళో ఎవరు పోయారు, ఎవరికి పిల్లలు పుట్టారు, కాలవకు నీళ్ళొచ్చాయా అని ఒకటే ప్రశ్నలు.

"ఎన్నికలు ఎలా జరిగాయిరా?" అన్నాడు నాన్న.

"ఎలా జరుగుతాయి అన్నాయ్, మామూలే. ఏ గొడవా లేదు. నువ్వూ వదినా రాలేదుగా, మీ ఓట్లు మేం వేసేశాంలే. చెరొకటి. నీది మాకొచ్చింది, వదినది వాళ్ళకు పోయింది." నా వైపు తిరిగి నవ్వాడు. "నీది ఇక్కడికి మార్చుకుని మంచి పని చేశావమ్మాయ్. లేకపోతే మూడోదాని దగ్గర తగువొచ్చేది."

నాన్న కూడా నవ్వాడు. అమ్మా నవ్వింది. ఎవరినో ఆటపట్టించినప్పుడు పక్కవాళ్ళు నవ్వినట్టు నవ్వుకున్నారు. నేను ఒక్కదాన్నే గోడ చూస్తూ కూర్చున్నాను.

ఆయన వెళ్ళగానే నా సంచీలోంచి ఫారాలు తీశాను. కాలేజీ పిల్లలకు పంచగా మిగిలినవి నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఎప్పటి నుంచో రాయిద్దాం, రాయిద్దాం అంటే ఇద్దరూ దాటేస్తూ వచ్చారు. ఈసారి వదలదలుచుకోలేదు. నేనే మొత్తం నింపి, నాన్న ముందు పెడితే ఆయన అమ్మ వైపు చూశాడు.

"ఇక్కడ రాయించుకుంటే అక్కడ తీసేస్తారా?" అంది అమ్మ.

"తీసేస్తారు. ఒక మనిషికి ఒక్కచోటేగా ఉండాలి."

"అయితే వద్దులే."

"అమ్మా, నీ ఓటు వాళ్ళు పంచుకుంటున్నారు. వినపడలేదా? దేనికోసం మనం..."

"వేసుకోనీవే." అమ్మ ఒళ్ళో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. నల్లబడ్డ ఆ వేళ్ళకు తొడిమ సరిగ్గా చిక్కడం లేదు. "ఆ ఊళ్ళో మనదంటూ ఇంకేముంది? ఇల్లు కూలిపోయిందంట. వేసేటప్పుడన్నా నా పేరు గట్టిగా చదువుతారుగా."

నాన్నకు చెవి తగ్గిన వైపు అమ్మ కూర్చుని ఉంది. విన్నాడో లేదో తెలియదు. ఫారం నెమ్మదిగా మడిచి నా చేతికి ఇచ్చాడు.

మర్నాడు కాలేజీలో ఓటరు నమోదు ఆఖరి రోజు. కొత్త బ్యాచ్ పిల్లలు హాలు నిండా కూర్చుని ఉన్నారు. మైకు ముందు నిలబడి, ఓటు మీ హక్కు, దాన్ని ఇంకెవరికీ వదిలిపెట్టకండి అని చెప్పాను.